‘ఎంతవుతుందండీ’ అనేవాడు నాన్న

లలిత ఆంటీ ఫోన్ చేసి, "శుక్రవారం మధ్యాహ్నం మీ ఇంటికొస్తానే శైలూ, ఓ గంట కూర్చుని వెళ్తాను" అనగానే నా బుర్రలోకి వచ్చిన మొదటి ప్రశ్న, ఈవిడకి ఇప్పుడు మాతో ఏం పని పడింది అని. ఏం చేయను, నా బుద్ధే అంత. పద్దెనిమిదేళ్ళుగా ఇన్సూరెన్స్ క్లెయిములు పరిశీలించే ఉద్యోగం. చెట్టు పడి కారు నుజ్జయిందని ఎవరైనా ఫోన్లో ఏడుస్తుంటే, అయ్యో పాపం అనడానికి ముందు చెట్టు ఫొటో పంపమంటాను. పక్కింటావిడ ఊరికే బిస్కెట్లు పట్టుకొచ్చినా, మా వైపు ఫెన్సు మీద కన్నేసిందేమో అని ఆవిడ వెళ్ళేదాకా కిటికీలోంచి చూస్తాను. అలాంటిదాన్ని, ముప్ఫై ఏళ్ళకి దగ్గరగా మా గడప తొక్కని మనిషి ఎడిసన్ నుంచి మా ఊరు క్యారీలో కూతురింటికి వచ్చి, పనిగట్టుకుని నాకు ఫోన్ చేస్తే, ఊరికే చేసిందని నమ్ముతానా? పైగా ఆ తర్వాతి మంగళవారమే మాకు కోర్టు. ఈవిడకి ఎవరు చెప్పారా అని మా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్కొక్కరి పేరూ అనుమానంగా చూసుకున్నాను.

కోర్టంటే దొంగతనమో కొట్లాటో కాదు. మా రఘు అన్నయ్యకి నన్ను గార్డియన్‌గా పెట్టమని నేనే వేసిన పిటిషను. అన్నయ్య నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆటిజం ఉంది. మాట తక్కువ, అన్న మాట సూటిగా ఉంటుంది. ఇక్కడే ఒక ల్యాబులో గాజుసామాను కడిగే ఉద్యోగం. జీతం తన అకౌంట్లో పడుతుంది, గది అద్దె అని నెలనెలా నాకు చెక్కు రాసిస్తాడు, వద్దంటే వినడు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. పోయిన చలికాలం నాన్న కూడా పోయాక నాకు భయం పట్టుకుంది. అంతకుముందే ఒక దెబ్బ తగిలింది కూడా. అన్నయ్యతో పనిచేసే ఒకతను తీపి మాటలు చెప్పి, అన్నయ్య పేరు మీద ఖరీదైన ఫోను తీసుకుని, ఉద్యోగం మానేసి చక్కా పోయాడు. నేను అగ్గిమీద గుగ్గిలమై ఆ సంతకం చెల్లదని కంపెనీతో పోట్లాడబోతే, "సంతకం నాది" అని అన్నయ్య రెండేళ్ళూ ఆ బిల్లు కట్టాడు. గార్డియన్‌షిప్ వస్తే ఆ బాధ ఉండదు. అన్నయ్య సంతకానికి విలువుండదు కాబట్టి ఎవడూ అన్నయ్య నెత్తిన అప్పు రుద్దలేడు. ఎక్కడైనా ఏదైనా పగిలినా, విరిగినా, వచ్చి మాట్లాడాల్సింది నాతో. లాయరు ఇచ్చిన కాగితంలో, తన పనుల ఫలితం ఏమిటో ఇతనికి అర్థమవుతుందా అన్న చోట, అర్థం కాదు అని రాసింది నేనే. అన్నయ్యకి చెప్పాను. "కోర్టులో ఏం అడుగుతారు?" అన్నాడు. "నన్నే అడుగుతార్లే, నువ్వు పక్కన కూర్చుంటే చాలు" అన్నాను. అన్నయ్య ఇంకేం మాట్లాడలేదు, మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

లలిత ఆంటీ గొంతు వినగానే ఇంగువ వాసన గుర్తొచ్చింది నాకు. మా చిన్నప్పుడు, ఎడిసన్ పక్కనే పిస్కాటవేలో మాది రెండో అంతస్తు అపార్టుమెంటు. పొయ్యి మీద ఫ్యానొకటి ఉండేది గానీ అది పొగని బయటికి పంపేది కాదు, ఒకవైపు పీల్చి ఇంకోవైపు మా మొహాన వదిలేది. అమ్మ తిరగమోత పెట్టేముందు బెడ్‌రూముల తలుపులు వేయించి, కోట్లు తగిలించే అలమర తలుపు కింద తువ్వాలు కుక్కి, ఎంత మంచు పడుతున్నా కిటికీ తీసి, అప్పుడు నూనెలో ఇంగువ వేసేది. అయినా స్కూల్లో పిల్లలు నా స్వెటర్ దగ్గర ముక్కు పెట్టి మొహం చిట్లించేవాళ్ళు. సొంతిల్లు కొనుక్కుంటే పొగ బయటికి పోయే గొట్టం పెట్టించుకుంటానని అమ్మ రోజుకోసారైనా అనేది. తక్కిన ఆడవాళ్ళు మొగుళ్ళని నగలడిగేవాళ్ళు. మా అమ్మ గొట్టం అడిగింది. "కొందాం లక్ష్మీ, డౌన్‌పేమెంట్ దగ్గర పడింది" అనేవాడు నాన్న, పేపర్లోంచి తలెత్తకుండా. నాన్న పేపరు చదవడం కూడా ఒక తంతు. ముందు ఇమ్మిగ్రేషన్ వార్త ఏదైనా ఉందా అని అన్ని పేజీలూ తిరగేసి, లేదని తేలాకే మొదటి పేజీకి వచ్చేవాడు.

నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్ వన్ వీసా, గ్రీన్ కార్డుకి అప్లై చేసి ఎదురుచూపులు. ఆయనకి దయ్యమన్నా దేవుడన్నా ఒకటే, రికార్డు. "రికార్డులో పడకూడదు" అనే మాట మా ఇంట్లో అన్నం పెట్టు అన్న మాటకంటే ఎక్కువసార్లు వినబడేది. లైబ్రరీ పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైతే వణికిపోయేవాడు. అన్నయ్యకి ఇది ఉంది, అది ఉంది అని స్కూలువాళ్ళు కాగితం మీద రాస్తే, అది ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు బల్ల మీదికి వెళ్తుందని, పిల్లాడు వస్తువులు పాడుచేస్తాడని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఈ కుటుంబం మాకు బరువు, వెనక్కి పొమ్మంటారని ఆయన నమ్మకం. ఈ సంగతి ఎవరు చెప్పారయ్యా అంటే, ఆఫీసు లంచ్‌లో ఎవరో ఎవరి బావమరిదికో అలా జరిగిందన్నారట. ప్రపంచంలో ఎవరినీ నమ్మని మనిషి ఆ ఎవరి బావమరిదినో మాత్రం నమ్మాడు. ఆటిజం అన్న మాట ఆయన నోట నేను చివరిదాకా వినలేదు. ఎవరైనా అడిగితే, "మావాడికి కాస్త మొహమాటం ఎక్కువండీ" అనేవాడు.

శనివారం ఎవరింటికైనా భోజనానికి వెళ్తుంటే మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అమ్మ అన్నయ్యకి ముందే పెరుగన్నం పెట్టేసేది, కొత్త చోట ఆకలేస్తే అలజడి ఎక్కువవుతుందని. నాన్న అన్నయ్య జేబులు తడిమి నాణేలూ, ఇనప ముక్కలూ తీసేసేవాడు, ఎందుకంటే దేనితోనైనా సరే స్క్రూలు విప్పడం అన్నయ్యకి వచ్చు. చివర్న నాన్న తన చొక్కా జేబులో చెక్‌బుక్ పెట్టుకునేవాడు. అక్కడికెళ్ళాక చెప్పుల గుట్ట పక్కనే కూర్చునేవాళ్ళం, అవసరమైతే లేచి వచ్చేయడానికి. ఆదివారం పదకొండయ్యేసరికి ముగ్గురం ఫోను వంక చూస్తూ ఉండేవాళ్ళం. అది మోగకపోతే అమ్మ ఉత్సాహంగా వంకాయ కూర చేసేది. మోగితే నాన్న ఎత్తి, అటు మనిషి నమస్కారం అనేలోపు అడిగేవాడు, "ఎంతవుతుందండీ?" ఏం జరిగింది అని అడగడు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు అని అడగడు. అదొక్కటే ప్రశ్న. జవాబు రాగానే, "రేపు పంపిస్తాను, దయచేసి ఇక్కడితో వదిలేయండి" అనేవాడు. ఆ 'దయచేసి' వినబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

అన్నయ్య ఏమీ పాడుచేయలేదని నేననను. ఒకరింట్లో వీసీఆర్ విప్పి, స్క్రూలన్నీ పొడుగు ప్రకారం కార్పెట్ మీద వరసగా పేర్చాడు. ఒకాయన కారు యాంటెన్నా వంచి మళ్ళీ సాపు చేయబోయాడు. అవి అన్నయ్యవే, కళ్ళారా చూశాను. కానీ ఒకావిడ క్రిస్టల్ కూజా పగిలింది ఎక్కడ? అగరొత్తులు వెలిగించిన పూజ గదిలో. ఆ వాసనకి అన్నయ్య ఆ గది గుమ్మం దగ్గరికి కూడా పోడు. ఇంకొకాయన కారు మీద గీత పడింది, సరిగ్గా సైకిల్ హ్యాండిల్ ఎత్తులో. మాకు సైకిలే లేదు, వాళ్ళబ్బాయికి రెండు ఉన్నాయి. నాకప్పుడు పన్నెండేళ్ళు, అన్ని సాక్ష్యాలూ నా దగ్గర పెట్టుకుని నాన్న వెనకాల తిరిగేదాన్ని. "నాన్నా, వాళ్ళు అబద్ధం చెబుతున్నారు." "తెలుసు, నువ్వు నోరు మూసుకో." తెలుసట! తెలిసీ ఇచ్చేవాడు. దాంతో ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో మాకో పేరొచ్చింది. రఘు వచ్చి వెళ్ళాడు అంటే చాలు, ఇంట్లో ఎప్పుడో పగిలినవన్నీ ఆదివారానికి బయటికొచ్చేవి. ఆ రోజుల్లోనే నాకు అంకుళ్ళ మీదా ఆంటీల మీదా నమ్మకం పోయింది, అది ఇంతవరకు తిరిగి రాలేదు.

అసలు సంగతి ప్రభాకర్ అంకుల్ వాళ్ళింట్లో జరిగింది. ప్రభాకర్ అంకుల్, లలిత ఆంటీ ఎడిసన్‌లో ఒక పాత ఇల్లు కొని, రంగులేయించి, సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. పైన కర్పూరం, కొబ్బరి, పులిహోర వాసనలు. కింద బేస్‌మెంటులో కొత్త కార్పెట్ వాసన. గోడంత టీవీ, తోలు సోఫా. మగవాళ్ళని నలుగురు నలుగురు చొప్పున కిందికి తీసుకెళ్ళి అంకుల్ ఆ టీవీ చూపించేవారు, గుళ్ళో గర్భాలయానికి పంపినట్టు. బేస్‌మెంటు మూలన చిన్న బాత్రూము ఉంది. పైన బాత్రూముల దగ్గర జనం ఉండటంతో అన్నయ్య అక్కడికి వెళ్ళాడు. పావుగంటకి పైకి వచ్చి చెప్పుల గుట్ట దగ్గర నా పక్కన కూర్చున్నాడు. అందరూ పైన భోజనాలు ముగించి లేచాక, కింద నుంచి ఎవరో అరిచారు. మేం వెళ్ళి చూసేసరికి కార్పెట్ మీద మడమలోతు నీళ్ళు, గోడల అడుగు భాగం ఉబ్బిపోయింది, టీవీ నల్లగా అయిపోయింది. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందరూ ఒక్కసారి అన్నయ్య వంక చూసి తల తిప్పుకున్నారంతే. నాన్న చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

ఆదివారం ఫోన్ వచ్చింది. "ఎంతవుతుందండీ?" అన్నాడు నాన్న. ఫోన్ పెట్టేసి గోడ వంక చూస్తూ, "పన్నెండు వేలు" అన్నాడు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ పన్నెండు వేల డాలర్లూ ఎక్కడున్నాయో మా ముగ్గురికీ తెలుసు. బ్యాంకులో ఉన్న ఇల్లు అవి. "చెక్కు రాసివ్వకండి, ఒక్కసారి వెళ్ళి కనుక్కోండి, కాళ్ళు పట్టుకుంటాను" అంది అమ్మ. "వాళ్ళు కేసేస్తే? పిల్లాడి పేరు కాగితం మీద పడితే? నలుగురం మూటాముల్లె సర్దుకుని పోదామా?" అన్నాడు నాన్న. నేను మధ్యలో దూరి నా సాక్ష్యం చెప్పాను. అది గట్టి సాక్ష్యం. అన్నయ్యకి టాప్ చుక్కచుక్కగా కారితే ప్రాణం పోయినట్టుంటుంది. ఇంట్లో ఏ టాప్ కారినా లేచి వెళ్ళి బిగించి వస్తాడు. ఆ బిగింపుకి పొద్దున అమ్మకి చేతులు నొప్పి పుట్టేవి, తిప్పలేక నాన్నని పిలిచేది. అలాంటి అన్నయ్య టాప్ తెరిచి వదిలేసి వస్తాడా? ఛస్తే రాడు. "అది ఇంకెవరో చేశారు నాన్నా!" అని అరిచాను. నాన్న నన్ను కొట్టాడు. ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే. అన్నయ్య ఆ గదిలోనే ఉన్నాడు, చెవులు మూసుకుని సోఫా మూల కూర్చుని.

ఆ తర్వాత మేం ఏడేళ్ళు అదే అపార్టుమెంటులో ఉన్నాం. పోయిన డబ్బు కూడబెట్టడానికి అమ్మ, యూనివర్సిటీలో చదువుకునే తెలుగు కుర్రాళ్ళకి క్యారేజీలు కట్టడం మొదలెట్టింది. గ్రీన్ కార్డు వచ్చేదాకా అమ్మ తన వీసా మీద పని చేయకూడదు. రికార్డుకి భయపడి ఇల్లు ఇచ్చేసిన మనిషి ఇంట్లోనే రోజూ పదిహేను మందికి దొంగతనంగా వంట! నాన్నకి చెమటలు పట్టేవి. వెనక మెట్ల నుంచి వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ తలుపు సందులోంచి పైకీ కిందికీ చూసి, "ఇతను ఇమ్మిగ్రేషన్ మనిషి కాదు కదా?" అని గుసగుసగా అడిగేవాడు. "గోంగూర పప్పు రెండోసారి అడిగాడు. ఆఫీసరు అడుగుతాడా?" అనేది అమ్మ. పొద్దున నాలుగు కూరల వాసన, మధ్యాహ్నం పిండి రుబ్బే చప్పుడు, సాయంత్రం అరటికాయ వేపుడు. డబ్బాల మూతలు పెట్టడం అన్నయ్య పని. అవి తీయలేక కుర్రాళ్ళు చాకులతో పొడిచేవాళ్ళని తర్వాత తెలిసింది. అమ్మ మెడలు ఆ ఏడేళ్ళలోనే వంగాయి. ఇల్లు కొన్నాక గొట్టం పెట్టించారు గానీ, అప్పటికి అమ్మకి ఇంగువ వాసన తెలియడం మానేసింది.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నాన్న పాత ఫైళ్ళు సర్దుతూ, పిస్కాటవే అపార్టుమెంటు అగ్రిమెంటుతో పాటు తీసుకున్న ఇన్సూరెన్స్ కాగితం చూశాను. అద్దెకున్నవాళ్ళకి ఆ కాంప్లెక్సులో అది తప్పనిసరి. మన వల్ల పొరపాటున వేరేవాళ్ళ వస్తువులు పాడైతే డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీయే ఇస్తుంది, అని అందులో స్పష్టంగా ఉంది. ఏడుపొచ్చింది. "నాన్నా, ఒక్క ఫోను చేసుంటే సరిపోయేది" అన్నాను. "చేస్తే రాసుకుంటారుగా" అన్నాడు నాన్న, అప్పటికి సిటిజన్ అయి మూడేళ్ళు. ఇప్పటి వాళ్ళు నయం అనుకుంటాను. ఇక్కడ ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకి ఒక గ్రూపు ఉంది, పిల్లాడు ఎవరి కిటికీ పగలగొట్టినా పాలసీ ఏది, లాయరు ఎవరు, స్కూలుకి ఏం రాయాలి అని పది జవాబులొస్తాయి. అందులో సగం నేనే ఇస్తాను. అంతా తెలివిమీరిపోయాం. అందుకే నేను నాన్నలా కాకుండా కోర్టుకి, రికార్డుకి, ఎదురెళ్ళి మరీ పిటిషను వేశాను. కనీసం అలా అనుకుని గర్వపడ్డాను.

శుక్రవారం లలిత ఆంటీ సున్నుండల డబ్బాతో వచ్చింది. చిక్కిపోయింది. రెండేళ్ళ క్రితం ప్రభాకర్ అంకుల్ పోయారు, ఎడిసన్ ఇల్లు అమ్మేసింది. సోఫా అంచున కూర్చుని, మనవడు డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడనీ, కూతురికి ఉద్యోగంలో ఒత్తిడనీ చెబుతూ హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీస్తోంది, వేస్తోంది. నేను ఆ జిప్పు వంకే చూస్తూ, అప్పు అడుగుతుందా, ఏదైనా సంతకం పెట్టమంటుందా అని లెక్కలేసుకుంటున్నాను. చివరికి ఉండబట్టలేక, "ఆంటీ, ఏమనుకోకండి, పనేమైనా ఉండి వచ్చారా?" అన్నాను.

"ఆ రోజు రఘు తప్పేం లేదే శైలూ" అంది ఆంటీ.

నేను సున్నుండల డబ్బా బల్ల మీద పెట్టి ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను.

"నేను మెట్ల పైనే ఉన్నాను. రఘు మీ అంకుల్ దగ్గరికి వెళ్ళి, వాటర్ ఆగట్లేదు అంకుల్ అన్నాడు. రెండుసార్లన్నాడు. ఆయన టీవీ గురించి చెప్పుకుంటూ, సరే నాన్నా, పైకెళ్ళి అన్నం తిను అన్నారు. నేను విన్నాను, వడ్డన హడావిడిలో పట్టించుకోలేదు."

"మరి మా నాన్నకి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబుదామనే చేశారమ్మా ఫోను. నా మీద ఒట్టు. పిల్లాడు వచ్చి చెప్పాడు, నేనే వినిపించుకోలేదు, తప్పు నాదీ ఉంది అని చెబుదామని. మీ నాన్న ఎత్తగానే ఎంతవుతుందండీ అన్నారు. ఈయన ఒక్క నిమిషం తటపటాయించారు. తర్వాత నోటికి అంకె వచ్చేసింది."

ఇది నిజమో, పోయిన మొగుణ్ణి కాస్త మంచివాణ్ణి చేసుకునే ప్రయత్నమో నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు. నా వృత్తి బుద్ధి ఊరుకోక, "మీ ఇంటికి ఇన్సూరెన్స్ ఉండాలే?" అన్నాను. "ఉంది. తీసుకుంటే ప్రీమియం పెరుగుతుందని ఆయన అడగలేదు" అంది. రెండిళ్ళ బీరువాల్లో రెండు పాలసీలు. రెండిళ్ళ పెద్దమనుషులూ వాటిని ముట్టుకోకుండా మా అమ్మ మెడలు వంచారు. ఆంటీ జిప్పు పూర్తిగా తీసి ఒక చెక్కు నా చేతిలో పెట్టింది. పన్నెండు వేలు. నేను అలవాటుగా తేదీ, సంతకం, అంకెలు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ క్షణంలో నాకు ఆంటీ మీద జాలి గానీ కోపం గానీ రాలేదు, నిజం చెబుతున్నాను, గెలిచానని సంతోషం వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల చెప్పిందే నిజమైంది, చెంపదెబ్బ తిన్నది ఉత్తినే కాదు అని.

అప్పుడే అన్నయ్య పని నుంచి వచ్చాడు. బూట్లు విప్పి, గోడకి ఆనించి పెట్టి, చేతులు కడుక్కుని, హాల్లోకి వచ్చి ఆంటీని చూసి, "లలిత ఆంటీ. ఎడిసన్. బేస్‌మెంట్" అన్నాడు. ఆంటీకి కళ్ళనీళ్ళు ఆగలేదు. "నీ తప్పేం లేదు బాబూ. నువ్వేం చేయలేదు, మేమే..." అంది.

"చేశాను" అన్నాడు అన్నయ్య.

ఇద్దరం అన్నయ్య వంక చూశాం.

"టాప్ కారుతోంది. గట్టిగా తిప్పాను. ఆగలేదు. ఇంకా గట్టిగా తిప్పాను. పిడి విరిగి చేతిలోకి వచ్చింది. నీళ్ళు వచ్చాయి. అంకుల్‌కి చెప్పాను. ఓకే అన్నారు. నీళ్ళు ఆగలేదు. మళ్ళీ చెప్పాను. ఓకే అన్నారు. పైకి వెళ్ళమన్నారు, వెళ్ళాను."

నా గట్టి సాక్ష్యం! అన్నయ్య టాప్ అంత గట్టిగా బిగిస్తాడు కాబట్టి అన్నయ్య చేయలేదు అన్నాను. అంత గట్టిగా బిగిస్తాడు కాబట్టే చేశాడు. ఒక సంగతి నేను ఇంతవరకు రాయలేదు, ఇప్పుడు రాస్తాను. ఆ రోజు అన్నయ్య నా పక్కన వచ్చి కూర్చున్నప్పుడు సాక్సులు తడిసి ఉన్నాయి. కారులో నేనే విప్పి, పిండి, అమ్మ సంచీలో అడుగున పెట్టాను. పెట్టాను, మర్చిపోయాను, లేదా మర్చిపోయినట్టు నాకు నేను చెప్పుకున్నాను. అందరినీ అనుమానించే నేను ఆ సాక్సుల్ని మాత్రం అనుమానించలేదు.

అన్నయ్య నా చేతిలో చెక్కు చూశాడు. "ఇది తప్పు" అన్నాడు. "టాప్ నేను విరగ్గొట్టాను, అది నాది. చెప్పిన తర్వాత నీళ్ళు అంకుల్‌వి. సగం రాయాలి."

"వద్దు బాబూ, మొత్తం తీసుకో. నా మనసు కుదుటపడదు" అని ఆంటీ బతిమాలింది. అన్నయ్య వినలేదు. "సగం. ఇంకో చెక్కు రాయండి." ఆంటీ నా వంక దిక్కుతోచనట్టు చూసింది. నేను, "అన్నయ్యా, నీకివన్నీ తెలీవు. నువ్వు లోపలికెళ్ళు, నేను మాట్లాడతాను" అన్నాను. అంటుంటేనే ఆ మాట నాన్న గొంతులా వినబడింది.

అన్నయ్య వెళ్ళలేదు. సాధారణంగా నా మొహం వంక చూడడు, ఆ రోజు చూశాడు. "ల్యాబ్‌లో గ్లాస్ పగిలితే ఎలా పగిలింది అని నన్ను అడుగుతారు. నేను చెప్తాను, వాళ్ళు రాసుకుంటారు. నాన్న అడగలేదు. అమ్మ అడగలేదు. శైలూ, నువ్వూ అడగలేదు."

కోపంగా అనలేదు. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పాడు. నేను రోజంతా ముక్కూమొహం తెలియని వాళ్ళకి ఫోన్ చేసి, ఏం జరిగిందో మీ మాటల్లో మీరే చెప్పండి అని అడిగే మనిషిని. ఆ ముక్క అడగకుండా మేం ఒక్క కాగితం కూడా ముందుకి జరపం. అన్నయ్య కోసం దెబ్బ తిన్నాను, జనంతో మాటలు మానేశాను, కోర్టుకెక్కాను. అన్నీ చేశాను, అదొక్కటే చేయలేదు. అన్నయ్య అన్యాయమైపోయాడని నమ్మాను గానీ, అన్నయ్యకి చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుందని నాకు తోచలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆంటీ వంక చూసి, "అన్నయ్య చెప్పినట్టే రాయండి" అన్నాను. ఆవిడ ఆరు వేలకి ఇంకో చెక్కు రాసింది, అన్నయ్య పేరు మీద. అన్నయ్య రెండు వైపులా చూసుకుని, థాంక్యూ చెప్పి, సున్నుండ ఒకటి తీసుకుని గదిలోకి వెళ్ళాడు.

ఆంటీని సాగనంపి వచ్చి చాలాసేపు కారణాలు వెతుక్కున్నాను. రేపు ఇంకొకడు ఇంకొక ఫోను కొనిపిస్తాడు. ఎల్లుండి ఎవరో దొంగ క్లెయిము పట్టుకొస్తారు. ఈ లోకం సంగతి నాకు తెలుసు, నా భయం ఒక్క వెంట్రుకంత కూడా తగ్గలేదు, అబద్ధం ఎందుకు. అయినా సోమవారం పొద్దున అన్నయ్య బూట్లు వేసుకుంటుండగా పక్కన కూర్చుని అడిగాను. "రేపు కోర్టుకి నేను గార్డియన్ అని వెళ్ళనా అన్నయ్యా? నీకెలా ఉంది?" అన్నయ్య రెండో బూటు లేసు కట్టడం పూర్తిచేసి, "వద్దు" అన్నాడు. నేను అక్కడే లాయరుకి ఫోన్ చేసి పిటిషను వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆవిడకి చిరాకొచ్చింది, ఇంత చివరి నిమిషంలోనా, కారణం ఏమని రాసుకోను అంది. నేను ఫోను అన్నయ్య చేతికిచ్చాను.